పండగ పిలుపు వస్తే వెళ్లాలి

నవంబర్ నాలుగో వారంలో అమెరికన్ యూనివర్సిటీ క్యాంపస్ చూస్తుండగానే ఖాళీ అయిపోతుంది. బుధవారం మధ్యాహ్నానికల్లా పార్కింగ్ లాట్లు బోసిపోతాయి. లైబ్రరీ వేళలు తగ్గిపోతాయి, చాలాచోట్ల డైనింగ్ హాళ్లు మూతపడతాయి, బస్సులు అరకొరగా తిరుగుతాయి. క్లాసులో పక్కన కూర్చునే అమెరికన్ కుర్రాడు బ్యాగు భుజాన వేసుకుని అమ్మానాన్నల దగ్గరికి వెళ్లిపోతాడు. మర్నాడు గురువారం థాంక్స్‌గివింగ్. ఆగస్టులో శంషాబాద్‌లో విమానం ఎక్కిన తెలుగు విద్యార్థికి వినాయక చవితి, దసరా, దీపావళి అప్పటికే వీడియో కాల్స్‌లో గడిచిపోయి ఉంటాయి. ఇప్పుడు ఊరంతా పండగ చేసుకుంటుంటే అతను గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంటాడు.

నిజానికి అలా కూర్చోవాల్సిన పని లేదు. అంతకు కొన్ని వారాల ముందే అతని యూనివర్సిటీ మెయిల్‌కి ఒక సందేశం వచ్చి ఉంటుంది. ఊళ్లో కొన్ని కుటుంబాలు పండగ భోజనానికి విదేశీ విద్యార్థుల్ని పిలుస్తున్నాయి, ఆసక్తి ఉన్నవాళ్లు ఈ ఫారం నింపండి అని ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఆఫీసు రాసిన మెయిల్ అది. కొందరు దాన్ని తెరవరు. తెరిచినవాళ్లలో కొందరు ‘ముక్కూ మొహం తెలియని వాళ్లింటికి ఏం వెళ్తాంలే’ అని వదిలేస్తారు.

ఈ అధ్యాయం చెప్పేది ఒకటే. ఆ ఫారం నింపాలి. పిలుపు వస్తే వెళ్లాలి. వెళ్లాక చుట్టపుచూపుగా సోఫాలో కూర్చోకుండా వంటింట్లో ఒక పని అందుకోవాలి.

ఓపెన్ డోర్స్ నివేదిక ప్రకారం 2024-25లో అమెరికన్ విద్యాసంస్థల లెక్కలో ఉన్న భారతీయులు, చదువయ్యాక ఓపీటీ అనే తాత్కాలిక పని అనుమతి మీద ఉన్నవాళ్లతో కలిపి, 3 లక్షల 63 వేల మంది. ఆ ఏడాది మరే దేశం నుంచీ అంతమంది లేరు. ఇందులో తెలుగువాళ్ల వాటా ఎంత పెద్దదో డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఒక వారం ఉంటే అర్థమవుతుంది. రూమ్మేట్లు తెలుగువాళ్లు, ప్రాజెక్టు టీమ్ తెలుగువాళ్లు, వారాంతం క్రికెట్ తెలుగువాళ్లతో. కొత్త దేశంలో ఆ ఆసరా చాలా విలువైనది. మొదటి నెల అద్దె అడ్వాన్సు దగ్గర్నుంచి జ్వరం వస్తే చారన్నం దాకా ఆదుకునేది వాళ్లే. కానీ రెండేళ్ల ఎంఎస్ ముగిసేసరికి ఒక్క అమెరికన్ ఇంటి వంటగది కూడా చూడకపోతే, ఆ దేశంలో అతను చూసింది క్లాస్‌రూమూ వాల్‌మార్టూ మాత్రమే అవుతుంది. అన్ని లక్షలు అప్పు చేసి వెళ్లిన చదువుకి అది చాలా తక్కువ.

పిలిచేవాళ్లు ఎవరు?

ఇంట్లో చెప్పగానే తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ఇదే. అడగాల్సిన ప్రశ్నే. కొన్ని ఊళ్లలో ఈ పని కోసమే స్వచ్ఛంద సంస్థలున్నాయి. విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో ‘మాడిసన్ ఫ్రెండ్స్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టూడెంట్స్’ అలాంటిదే. స్టాన్‌ఫర్డ్‌లో బెక్టెల్ ఇంటర్నేషనల్ సెంటర్‌తో కలిసి పనిచేసే స్థానికుల కమిటీ దశాబ్దాలుగా విదేశీ విద్యార్థులకు ఊళ్లో పరిచయాలు కలిగిస్తోంది. మిగతా చోట్ల యూనివర్సిటీ ఆఫీసో, డిపార్ట్‌మెంట్‌లోని ప్రొఫెసరో, ఊళ్లోని చర్చో ఈ బాధ్యత తీసుకుంటుంది. పిలిచేవాళ్లలో పిల్లలు వేరే రాష్ట్రాల్లో స్థిరపడిన పెద్ద దంపతులుంటారు, రిటైరైన టీచర్లుంటారు, ఒకప్పుడు తామూ పరాయి దేశంలో చదువుకుని ఎవరింట్లోనో అన్నం తిన్నవాళ్లుంటారు.

యూనివర్సిటీ ద్వారా వచ్చిన పిలుపైతే ఇంటివాళ్ల పేరు, చిరునామా ఆఫీసులో నమోదై ఉంటాయి. ఆ వివరాలు రూమ్మేట్‌కీ, ఇంట్లోవాళ్లకీ పంపి వెళ్లడం మంచిది. మొదటిసారి ఇద్దరు విద్యార్థుల్ని కలిపి పిలిచే ఇల్లు కావాలని ఫారంలో అడగొచ్చు, ముఖ్యంగా అమ్మాయిలు. ఎలా వెళ్లాలి, రాత్రి తిరిగి గదికి ఎవరు దింపుతారు అన్నది ముందే తేల్చుకోవాలి. పండగ రోజు సిటీ బస్సుల్ని నమ్ముకోకూడదు. ఫేస్‌బుక్ గ్రూపులో ఎవరో అపరిచితుడు పెట్టిన ఆహ్వానం మాత్రం వేరే సంగతి. దాని జోలికి పోకపోవడమే మేలు.

చర్చి ద్వారా వచ్చిన పిలుపు గురించి ఒక మాట. ఆ కుటుంబాల్లో ఎక్కువమంది కేవలం ఆదరణతోనే పిలుస్తారు. కొన్నిచోట్ల భోజనం తర్వాత బైబిల్ చర్చ కూడా ఉండొచ్చు. ప్రార్థన కార్యక్రమం ఏదైనా ఉందా అని ముందే అడగడంలో తప్పు లేదు. ఇష్టమైతే ఉండొచ్చు, లేకపోతే ‘భోజనానికి మాత్రం తప్పకుండా వస్తాను’ అని చెప్పొచ్చు. అలా చెబితే అక్కడ ఎవరూ చిన్నబుచ్చుకోరు.

తెలియని మనిషికి పండగ పళ్లెం పెట్టడం అమెరికన్లకు కొత్త కాదు. 2016లో అరిజోనాలో ఒక బామ్మ తన మనవడికి థాంక్స్‌గివింగ్ భోజనానికి రమ్మని మెసేజ్ పంపింది. అది పొరపాటున వేరే నంబర్‌కి, ఒక హైస్కూల్ కుర్రాడికి వెళ్లింది. మీరు మా బామ్మ కాదు అంటూనే, నాకూ ఒక ప్లేటు దొరుకుతుందా అని అడిగాడా అబ్బాయి. తప్పకుండా రమ్మంది ఆమె. ఆమె తెల్లజాతి, అతను నల్లజాతి, అంతకుముందు ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. అతను నిజంగానే వెళ్లాడు, ఆ తర్వాతా ఏటా వెళ్లాడు. 2020లో కోవిడ్‌తో ఆమె భర్త చనిపోయినప్పుడు కూడా ఆ పండగ బంధం తెగలేదు. అమెరికా అంతటా పత్రికలు రాసిన సంగతి ఇది.

గాంధీ ఆకలి

విదేశీ ఇంట్లో భోజనానికి కూర్చున్న భారతీయ విద్యార్థి కష్టాన్ని గాంధీ కంటే నిజాయితీగా రాసినవాళ్లు అరుదు. 1888లో బారిస్టర్ చదువుకి లండన్ వెళ్లేటప్పటికి ఆయనకింకా పందొమ్మిదేళ్లు నిండలేదు. మాంసం ముట్టనని తల్లికి మాటిచ్చి బయల్దేరారు. మొదట్లో ఉన్న ఇళ్లలో ఆయన తినగలిగినవి రొట్టె, జామ్, కాస్త ఆకుకూర. రెండు మూడు రొట్టె ముక్కలకు మించి అడగడానికి సిగ్గుపడి రోజూ అర్ధాకలితో లేచేవారు. ఒక ఇంటి అమ్మాయిలు పట్టుబట్టి ఇంకో ముక్క వేసేవారు. మొత్తం రొట్టె పెడితే తప్ప తన కడుపు నిండదని వాళ్లకేం తెలుసు అని ఆత్మకథలో రాసుకున్నారు.

నూట ముప్ఫై ఏళ్లు దాటినా ఈ మొహమాటం అలాగే ఉంది. తెలుగింట్లో వడ్డించేవాళ్లు మూడుసార్లు అడుగుతారు. మొదటి రెండుసార్లు ‘చాలండీ, వద్దండీ’ అనడం మర్యాద, మూడోసారి విస్తట్లో పడటం ఆనవాయితీ. అమెరికన్ ఇంట్లో ఒక్కసారే అడుగుతారు. ‘నో, థాంక్యూ’ అంటే వద్దనే అర్థం చేసుకుని గిన్నె పక్కవాళ్లకి అందిస్తారు. మళ్లీ బలవంతం చేస్తే తిండి విషయంలో అవతలి మనిషి మాటకు విలువ ఇవ్వనట్టని వాళ్ల భావన. కాబట్టి కావాలంటే కావాలనాలి. రెండోసారి వడ్డించుకుంటే వండినావిడ సంతోషిస్తుంది, మనూళ్లో అత్తయ్యలాగే.

గాంధీ రాసిన మరో ముచ్చట ఇంకా విలువైనది. బ్రైటన్‌లో ఒక హోటల్లో మెనూ ఫ్రెంచిలో ఉంటే ఏది శాకాహారమో తెలియక ఆయన తికమకపడుతుంటే, పక్కన కూర్చున్న ఒక వృద్ధురాలు చూసి సాయం చేసింది. తన లండన్ చిరునామా ఇచ్చి ప్రతి ఆదివారం భోజనానికి రమ్మంది. ఆయన వెళ్లేవారు. ఆ ఇంట్లో పరిచయమైన ఒక యువతితో ఆయన స్నేహం పెరగడం చూసి ఆ పెద్దావిడ ఇద్దరికీ పెళ్లయితే బాగుంటుందని ఆశపడుతోందని ఆయనకు అర్థమైంది. అప్పటికే ఆయనకు పెళ్లయింది, కొడుకున్నాడు. ఇంగ్లండ్‌లో ఆ సంగతి దాచే భారతీయ విద్యార్థులు అప్పట్లో చాలామంది, ఆయనా దాచారు. చివరికి ధైర్యం తెచ్చుకుని ఉన్నదున్నట్టు ఉత్తరం రాశారు. తప్పుగా అనుకోలేదని, వచ్చే ఆదివారం ఎప్పటిలాగే రావాలని, బాల్యవివాహం కబుర్లన్నీ వినాలని ఉందని జవాబొచ్చింది.

స్థానిక కుటుంబంతో స్నేహం కుదరాలంటే కావాల్సింది ఇదే నిర్మొహమాటం. ఏం తింటారో, ఏం తినరో, ఏది నమ్ముతారో, దేనికి ఇబ్బంది పడతారో ముందే మెత్తగా చెప్పేస్తే అవతలివాళ్లకు తేలిక. ఇంట్లో కుక్క ఉంటే భయమని కూడా చెప్పొచ్చు. పండగరోజు బల్ల దగ్గర కూర్చున్నాక ‘నేను మాంసం తినను’ అనడం మాత్రం ఇల్లాలిని ఇరుకున పెట్టడమే. వారం ముందు చెబితే ఆవిడే ఒక వంటకం అదనంగా చేస్తుంది.

బల్ల మీద ఏముంటుంది

థాంక్స్‌గివింగ్ వంట ఆ గురువారం మొదలవదు. టర్కీ కోడి సగటున ఆరేడు కిలోలుంటుంది. గడ్డకట్టించినదాన్ని కొంటే ఫ్రిజ్‌లో కరగడానికే ప్రతి నాలుగైదు పౌండ్లకు ఒక రోజు చొప్పున మూడు నాలుగు రోజులు పడుతుంది. అందుకే అది ఆదివారమే డీప్ ఫ్రీజర్లోంచి కిందికి దిగుతుంది. గురువారం పొద్దున్నే ఓవెన్‌లోకి వెళ్లి గంటల తరబడి కాలుతుంది. తొడ దగ్గర మందంగా ఉన్నచోట థర్మామీటర్ గుచ్చి 165 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే దాదాపు 74 సెల్సియస్, చూపించాకే ఉడికిందని తీస్తారు. ట్రేలో కారిన రసంతోనే గ్రేవీ చేస్తారు. ఇంటి పెద్ద ఎవరో ఒకరు కత్తి పట్టుకుని ముక్కలు కోస్తారు. తెల్ల మాంసం కావాలా, ముదురు మాంసం కావాలా అని అడుగుతారు. రొమ్ము భాగం తెల్లది, కాళ్లు తొడలు ముదురు రంగువి.

చుట్టూ ఉండేవాటిలో శాకాహారి జాగ్రత్తగా చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. రొట్టె ముక్కలు, ఉల్లి, సెలెరీ, సేజ్ ఆకు వేసి చేసే స్టఫింగ్ చూడటానికి శాకాహారమే, కానీ అందులో సాధారణంగా చికెన్ రసం పోస్తారు, లేదా టర్కీ లోపలే కూరి వండుతారు. చిలగడదుంప వంటకం మీద కాల్చిన మార్ష్‌మాలోలు ఉంటాయి. వాటిలో జంతువుల నుంచి తీసిన జెలటిన్ ఉంటుంది. ‘పై’ (pie) అనే వంటకం అడుగు పొరలో కొన్ని ఇళ్లలో పంది కొవ్వు వాడతారు. హలాల్ పాటించే విద్యార్థికి కూడా ఈ సంగతులన్నీ అవసరమే. ఇక నిశ్చింతగా తినదగ్గవి వెన్న, పాలు వేసి మెదిపిన బంగాళాదుంపలు, రోల్స్, క్రాన్‌బెర్రీ సాస్. ఈ సాస్‌ని ఇంట్లో వండేవాళ్లున్నారు, డబ్బాలోంచి తీసేవాళ్లున్నారు. డబ్బాది ఇష్టపడేవాళ్ల ఇంట్లో అది డబ్బా ఆకారంలోనే, పక్కల గీతలతో సహా, ఎర్రగా నిగనిగలాడుతూ పళ్లెంలో నిలబడి ఉంటుంది. దాన్ని గుండ్రని బిళ్లల్లా కోస్తారు. చిన్నప్పటి నుంచీ అలాగే తిన్నాం, అలా లేకపోతే పండగలా ఉండదంటారు.

గ్రీన్ బీన్ క్యాసరోల్ అనే వంటకం తరతరాల నాటిదని చాలామంది అనుకుంటారు. అది 1955లో న్యూజెర్సీలోని కామ్డెన్‌లో క్యాంప్‌బెల్ సూప్ కంపెనీ ప్రయోగశాల వంటగదిలో డోర్కస్ రైలీ బృందం తయారుచేసినది. పుట్టగొడుగుల సూప్ డబ్బా, బీన్స్, పైన కరకరలాడే వేయించిన ఉల్లిపాయలు, అంతే. ఇప్పుడది లక్షల ఇళ్లలో అమ్మమ్మల వంటకం. ఈ వంట ఎవరు నేర్పారని ఒక్క ప్రశ్న వేస్తే చాలు, ఆ ఇంటి కథ మొత్తం బయటికొస్తుంది. ఏ దేశం నుంచి ఏ తాత వచ్చాడో, ఏ ఊళ్లో పొలం ఉండేదో, చేతిరాత మాసిపోయిన రెసిపీ కార్డు ఎవరిదో చెబుతారు. జీతమెంత, వయసెంత, ఇంకా పెళ్లెందుకు కాలేదు అన్న ప్రశ్నలు మన పెళ్లిళ్లలో పలకరింపులే గానీ అక్కడ వద్దు.

చేతులు ఊపుకుంటూ వెళ్లలేం కదా. ఏం తెమ్మంటారు అని అడిగితే సాధారణంగా ‘మీరొస్తే చాలు’ అంటారు. అయినా ఏదో ఒకటి పట్టుకెళ్లాలి. పులిహోర అన్నిటికంటే నమ్మకమైనది. వేడి చేయక్కర్లేదు, పొద్దున చేస్తే సాయంత్రానికి రుచి పెరుగుతుంది, శాకాహారులూ పాల పదార్థాలు ముట్టనివాళ్లూ తినొచ్చు. అయితే రెండు విషయాలు మరిచిపోకూడదు. పోపులో వేసే వేరుశనగపప్పు, జీడిపప్పు కొందరికి ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ కలిగిస్తాయి. ఎవరికైనా పడదా అని ముందే కనుక్కుని, అవసరమైతే అవి మానేసి సెనగపప్పు, మినప్పప్పుతో సరిపెట్టాలి. రెండోది ఇంగువ. బజారులో దొరికే ఇంగువ పొడిలో చాలా రకాలకు గోధుమ పిండి కలుపుతారు. గోధుమలో గ్లూటెన్ పడని మనిషి బల్ల దగ్గర ఉంటే అది చిన్న విషయం కాదు. వేసినవన్నీ ఒక చీటీ మీద రాసి గిన్నె పక్కన పెడితే అందరూ ధైర్యంగా తింటారు. ఎండుమిరపకాయలు, కరివేపాకు పక్కన పెట్టి తినమని కూడా చెప్పాలి, లేకపోతే ఎవరో ఒకరు మిరపకాయ నమిలేస్తారు.

కొండపల్లి బొమ్మో, ఏటికొప్పాక లక్కబొమ్మో సూట్‌కేసులో ఉంటే అంతకంటే మంచి కానుక లేదు. ఇచ్చిన వెంటనే అందరి ముందూ విప్పుతారు. మన దగ్గర అలా విప్పరు కాబట్టి విద్యార్థి గాభరా పడొచ్చు, అక్కడ అదే మర్యాద. ఆ బొమ్మ ఏ కర్రతో చేస్తారో, రంగులెలా వేస్తారో రెండు మాటలు తెలుసుకుని వెళితే సంభాషణ దానంతటదే సాగుతుంది. కొండపల్లి బొమ్మకు వాడేది తెల్లపొణికి అనే తేలికైన కర్ర.

గంట కొట్టినట్టు

భోజనం రెండింటికి అంటే రెండింటికే. అరగంట ముందు వెళితే వంటింటి హడావిడిలో అడ్డం, అరగంట ఆలస్యమైతే టర్కీ చల్లారిపోతుంది. ఇంటివాళ్లని పేరు పెట్టి పిలవమంటే పేరుతోనే పిలవాలి. అరవై ఏళ్ల ఆవిడని పేరు పెట్టి పిలవడం తెలుగు నోటికి కష్టమే, కానీ ఆవిడ కోరుకున్నది అదే. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో మాత్రం పెద్దవాళ్లని ‘మేడం’, ‘సర్’ అనే అలవాటు ఇంకా ఉంది.

లోపలికి అడుగుపెట్టాక అసలు పని మొదలవుతుంది. ‘సాయం చేయనా’ అని అడిగితే ‘వద్దులే, కూర్చో’ అంటారు. ‘బంగాళాదుంపలు చెక్కు తీయనా, బల్ల మీద ప్లేట్లు పెట్టనా’ అని పని పేరు చెప్పి అడిగితే చేతిలో పెడతారు. ఒక గంట చెక్కు తీస్తూ వంటగట్టు దగ్గర నిలబడితే వినబడే ఇంగ్లిష్ ఏ స్పోకెన్ కోర్సులోనూ దొరకదు. బావామరదళ్ల పరిహాసాలు, అత్తాకోడళ్ల సర్దుబాట్లు, మనవడి మీద గారాబం అన్నీ వినొచ్చు. హాల్లో టీవీలో 1924 నుంచీ జరుగుతున్న మేసీస్ థాంక్స్‌గివింగ్ పరేడో, ఫుట్‌బాల్ మ్యాచో నడుస్తుంటుంది. డెట్రాయిట్ లయన్స్ జట్టు ఈ రోజున ఆడటం 1934లో మొదలైంది, డల్లాస్ కౌబాయ్స్ 1966లో. ఆట నియమాలు తెలియకపోతే పక్కనున్న పదేళ్ల పిల్లాడిని అడగాలి. అంత ఓపిగ్గా నేర్పే గురువు ఇంకొకరు దొరకరు.

తినే ముందు చేతులు చేతులు పట్టుకుని ప్రార్థన చేసే ఇళ్లున్నాయి. తల వంచి మౌనంగా నిలబడితే చాలు, మాటలు పలకాలని ఎవరూ ఆశించరు. తర్వాత కొన్ని ఇళ్లలో బల్ల చుట్టూ వరసగా ఒక్కొక్కరూ ఈ ఏడాది దేనికి కృతజ్ఞతగా ఉన్నారో చెబుతారు. వంతు వచ్చేటప్పటికి తెలుగు విద్యార్థి నోరు పెగలదు, ఎందుకంటే మన ఇళ్లలో అమ్మకి థాంక్స్ చెప్పే అలవాటు తక్కువ. ముందే రెండు వాక్యాలు అనుకుని ఉంచుకోవాలి. చదువుకి పొలం తాకట్టు పెట్టిన నాన్న గురించి చెప్పొచ్చు, మొదటి వారం ఎయిర్‌పోర్టు నుంచి తీసుకెళ్లిన సీనియర్ గురించి చెప్పొచ్చు. నిజమైనదేదైనా సరే.

వైన్ పోస్తామంటే వద్దనడం పూర్తిగా మర్యాదే. ఇరవై ఒకటి నిండనివాళ్లకి అక్కడ చట్టమూ ఒప్పుకోదు. రాజకీయాల గొడవ మొదలైతే వినడం మేలు. ‘తెలుగు అంటే హిందీ లాంటిదేనా’ అని తప్పకుండా అడుగుతారు. ద్రావిడ కుటుంబానికి చెందిన భాష, సొంత లిపి ఉంది, 2011 జనగణన ప్రకారం భారతదేశంలో 8 కోట్ల మందికి పైగా మాతృభాష అని చెబితే వాళ్ల కళ్లు పెద్దవవుతాయి. ఆ ఇంట్లో పిల్లల పేర్లు తెలుగు లిపిలో రాసిస్తే ఆ కాగితం ఫ్రిజ్ మీదికెక్కుతుంది.

పండగ వెనక చరిత్ర కొంత తెలుసుకునే వెళ్లాలి. 1620లో మేఫ్లవర్ ఓడలో 102 మంది ప్రయాణికులు ఇప్పటి మసాచుసెట్స్ తీరానికి వచ్చారు. మొదటి చలికాలంలో దాదాపు సగం మంది చచ్చిపోయారు. మిగిలినవాళ్లకు మొక్కజొన్న వేయడం నేర్పింది టిస్క్వాంటమ్ అనే స్థానికుడు. 1621లో పంట చేతికొచ్చాక చేసుకున్న విందుకు వాంపనోగ్ తెగ నాయకుడు మాససోయిట్ తొంభై మందితో వచ్చాడు. వాళ్లు అయిదు జింకల్ని వేటాడి తెచ్చారు, విందు మూడు రోజులు సాగింది. థాంక్స్‌గివింగ్‌ని జాతీయ పండగ చేయాలని సారా జోసెఫా హేల్ అనే పత్రికా సంపాదకురాలు ఏళ్ల తరబడి అధ్యక్షులకు ఉత్తరాలు రాసింది. చివరికి 1863లో, అంతర్యుద్ధం నడుస్తుండగా, లింకన్ ప్రకటించాడు. నవంబర్ నాలుగో గురువారం అని చట్టం స్థిరపరిచింది 1941లో.

ఈ కథకి రెండో వైపు కూడా ఉంది. ఆ విందులో పాలుపంచుకున్న వాంపనోగ్‌లూ ఇతర స్థానిక జాతులూ తర్వాత తమ నేలనీ ప్రాణాల్నీ పోగొట్టుకున్నాయి. 1970 నుంచి వాళ్లు ప్లిమత్‌లో ఇదే గురువారాన్ని సంతాప దినంగా పాటిస్తున్నారు. ఇది తెలిసి బల్ల దగ్గర కూర్చునే విద్యార్థి ఆ దేశాన్ని నిజంగా అర్థం చేసుకునే దారిలో ఉన్నట్టే. చాలా కుటుంబాల్లో పిల్లలే ఈ చర్చ తెస్తారు. అప్పుడు శ్రద్ధగా వినాలి, అడగాలి.

తిన్నాక లేచి ప్లేట్లు తీయాలి, డిష్‌వాషర్ నింపడంలో చెయ్యి వేయాలి. మిగిలినవి డబ్బాల్లో సర్ది ఇస్తామంటే మొహమాటపడకుండా తీసుకోవాలి. ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో తినేయాలి. ఆ డబ్బా కడిగి తిరిగి ఇచ్చేటప్పుడు మన ఇళ్లలో ఖాళీ గిన్నె ఇవ్వరన్న పద్ధతి అక్కడా పాటిస్తే ఎంత బాగుంటుందో. నాలుగు రవ్వలడ్డూలు పెట్టి ఇవ్వొచ్చు. వారంలోగా చేత్తో రాసిన కార్డు పోస్టులో పంపాలి. వాట్సాప్ మెసేజ్‌కి ఆ విలువ రాదు. ఉగాదికి ఆ కుటుంబాన్ని గదికి పిలిచి, వేపపువ్వు దొరక్కపోతే ఉన్నవాటితోనే పచ్చడి చేసి, ఆరు రుచులూ ఎందుకో చెబితే పిలుపు రెండు వైపులా నడుస్తుంది.

వేరే దేశాల్లో తేదీలు, తీరు వేరు. కెనడాలో థాంక్స్‌గివింగ్ అక్టోబర్ రెండో సోమవారం. బ్రిటన్‌లో డిసెంబర్ 25న రైళ్లు, లండన్ ట్యూబ్ నడవవు, కాబట్టి క్రిస్మస్ భోజనానికి వెళ్లాలంటే ముందురోజు రాత్రే చేరుకోవాలి, లేదా ఇంటివాళ్లే కారులో తీసుకెళ్లాలి. జర్మనీలో అసలు పండగ 24 సాయంత్రమే. చాలా ఇళ్లలో ఆ రాత్రి తినేది బంగాళాదుంపల సలాడ్, సాసేజ్‌లు. ఆ మధ్యాహ్నం మూసిన దుకాణాలు 27 దాకా తెరుచుకోవు, పూలో చాక్లెట్లో ముందే కొనిపెట్టుకోవాలి. ఆస్ట్రేలియాలో క్రిస్మస్ వేసవిలో వస్తుంది, చాలామంది పెరట్లోనే వండుకుంటారు.

అమెరికాలో థాంక్స్‌గివింగ్ పిలుపుల దరఖాస్తులు చాలా యూనివర్సిటీల్లో సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లోనే తీసుకుంటారు. మెయిల్ కనబడకపోతే ఇంటర్నేషనల్ ఆఫీసుకి స్వయంగా వెళ్లి అడగాలి. గడువు దాటినా అడగాలి, ఎందుకంటే ఆఖరి వారంలో ఎవరో ఒకరు రాలేకపోతారు, కుర్చీ ఖాళీ అవుతుంది. ఈ పుస్తకం తల్లిదండ్రుల చేతిలో ఉంటే వాళ్లకీ ఒక విన్నపం: ఈసారి ఫోన్ చేసినప్పుడు తిన్నావా అని అడిగాక, ఆ ఫారం నింపావా అని కూడా అడగండి.